ఒక్క అక్షరం, బోలెడు ఆటలు: చిన్నపిల్లలకు ‘ప’ నేర్పించడం ఎలా?

మూడేళ్ల పిల్ల ‘అ ఆ ఇ ఈ’ గడగడా చెప్పేస్తుంటే ఇంట్లో అందరూ మురిసిపోతారు. అదే పిల్లకు ‘ఉ’ ఒక్కటే రాసి చూపించి ఇదేంటని అడగండి. మళ్లీ ‘అ’ దగ్గర మొదలుపెట్టి వేళ్లు మడుచుకుంటూ వస్తుంది, లేదంటే మన మొహంలోకి చూస్తుంది. ఆ పిల్లకు వర్ణమాల పాటలా వచ్చింది కానీ అక్షరం ఇంకా రాలేదు.

తెలుగులో 56 అక్షరాలున్నాయన్న టెన్షన్‌తో చాలామంది అన్నీ ఒకేసారి మొదలుపెడతారు. గోడకి చార్టు అంటించి రోజూ మొత్తం చదివిస్తారు. నన్నడిగితే, ఒక్క అక్షరం తీసుకుని వారం పది రోజులు దానితోనే ఆడుకోవడం మంచిది. మొదటి అక్షరాన్ని బాగా పట్టుకున్న పిల్లకి ‘అక్షరం అంటే ఇదన్నమాట’ అని అర్థమవుతుంది. ఆ తర్వాతవి త్వరగా వస్తాయి.

వరుస మాత్రం మార్చకండి. అక్షరం ముందు చెవికి తెలియాలి, తర్వాత కంటికి, ఆ తర్వాత వేళ్లకి. పెన్సిల్ అన్నిటికంటే ఆఖరు. పెన్సిల్‌తో మొదలుపెట్టడం వల్లనే చాలామంది పిల్లలకి చదువంటే చేతినొప్పి అన్న అభిప్రాయం పడిపోతుంది.

ఏ అక్షరంతో మొదలుపెట్టాలి?

పిల్ల పేరులోని మొదటి అక్షరం ఎప్పుడూ మంచి ఎంపికే. తన పేరుని పిల్లలు తమ సొత్తు అనుకుంటారు, అందుకే ఆ అక్షరాన్ని మిగతావాటికంటే ముందు గుర్తుపడతారు. అయితే పేరు ‘శ్రీ’తోనో ‘జ్ఞా’తోనో మొదలైతే దాన్ని కాసేపు పక్కన పెట్టండి. మొదటి మెట్టుకి ఒత్తులు వద్దు.

పేరు సంగతి వదిలేస్తే నేను ఎంచుకునేది ‘ప’. పెదాలు కలిపి పలికే ప, బ, మ శబ్దాలు పిల్లల నోటికి చాలా ముందే వస్తాయి. అదే ‘ర’ అయితే నాలుగేళ్ల పిల్లలు కూడా ‘ల’ అనో ‘య’ అనో పలుకుతుంటారు. నోటికి ఇంకా రాని శబ్దంతో అక్షరం మొదలుపెడితే అనవసరమైన ఇబ్బంది. ‘ప’ ఆకారం కూడా తేలికే. పైన తెరిచి ఉన్న గిన్నెలాంటి ఒళ్లు, దాని మీద తగిలీ తగలనట్టు ఒక తలకట్టు. ఆ తలకట్టు విడిగా ఉండటం తర్వాత మనకి చాలా ఉపయోగపడుతుంది.

ఇక్కడ చెప్పే ఆటలన్నీ ‘ప’తోనే చెబుతున్నాను. మీరు వేరే అక్షరం తీసుకున్నా పద్ధతి ఇదే.

వయసు విషయంలో ఒక మాట. మూడేళ్లకి చెవి ఆటలు, మూడున్నర నాలుగుకి కంటి ఆటలు, వేళ్ల ఆటలు మొదలుపెట్టొచ్చు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కలిపి పెన్సిల్‌ని సరిగ్గా పట్టుకోవడం మామూలుగా నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య కుదురుతుంది. అంతకుముందు పిడికిలితో పట్టుకుంటే అది తప్పు కాదు, ఆ చేతి వయసు అంతే. ఒక్కో ఆటకి ఐదు నుంచి పది నిమిషాలు చాలు. పిల్ల ‘ఇంకొంచెం’ అంటున్నప్పుడే ఆపేయడం అలవాటు చేసుకోండి, రేపు తనే వచ్చి అడుగుతుంది.

మొదటి మెట్టు: చెవి

మొదటి రెండు రోజులు అక్షరాన్ని చూపించనే వద్దు. శబ్దంతోనే ఆడండి.

అద్దం ముందు ఇద్దరూ కూర్చోండి. మీరు ‘ప... ప... ప’ అంటూ పెదాలు ఎలా మూసుకుని టపీమని తెరుచుకుంటున్నాయో చూపించండి. తర్వాత ‘క... క’ అనండి. పెదాలు కదలవు. ‘ప అన్నప్పుడు పెదాలు ఏం చేశాయి నాన్నా?’ అని అడగండి. పిల్లలు దీన్ని పదేపదే చేసి చూస్తారు. ఆ తర్వాత మీరు శబ్దం రాకుండా పెదాలు మాత్రం కదపండి. ‘ప’ అన్నారా, ‘క’ అన్నారా కనిపెట్టడం తన వంతు.

తర్వాతది గెంతుడు ఆట. మీరు మాటలు చెబుతుంటారు. ‘ప’తో మొదలైతే గెంతాలి, లేకపోతే కదలకుండా నిలబడాలి. పలక, గెంతు. కుర్చీ, కదలకూడదు. పడవ, గెంతు. ఇల్లు, కదలకూడదు. మాటలోని మొదటి శబ్దాన్ని కొంచెం నొక్కి పలకండి.

మాటల ఎంపిక దగ్గర చాలామంది చూసుకోని విషయం ఒకటుంది. ‘ప అంటే పిల్లి, ప అంటే పువ్వు, ప అంటే పాము’ అని చెబుతుంటారు. పెద్దవాళ్లకి అన్నీ ‘ప’ కిందే లెక్క. పిల్ల చెవికి మాత్రం ‘పిల్లి’లో వినిపించేది ‘పి’, ‘ప’ కాదు. తెలుగు అక్షరం హల్లునీ అచ్చునీ కలిపి పలికిస్తుంది కాబట్టి, ‘ప’ అని చూపించి ‘పిల్లి’ అనడం చెవికి అబద్ధం చెప్పినట్టే. మొదటి వారం ‘ప’ ఉన్నదున్నట్టు వినిపించే మాటలే వాడండి: పలక, పడవ, పక్షి, పది, పడక, పరుగు, పటం, పగలు. పిల్లి, పువ్వు, పాము గుణింతం నాటికి ఎలాగూ వస్తాయి.

మొదటి శబ్దం బాగా పట్టుబడ్డాక ‘ప’ని మాట చివర వెతికించండి. చేప, చాప, గడప, పాప. ఇది కొంచెం కష్టం, కాబట్టి తొందరేమీ లేదు. చివర్లో ‘ప’ వినపడితే గెంతకుండా కింద కూర్చోవాలని నియమం పెడితే పిల్లలు నవ్వుతూ ఆడతారు.

రెండో మెట్టు: కన్ను

ఇప్పుడు అక్షరం చూపించండి. అరచేయంత అట్టముక్క మీద, లావుపాటి గీతతో, ఒకే రంగులో ‘ప’ రాయండి. దాని పక్కన పడవ బొమ్మ వేయకండి. చాలా చార్టుల్లో బొమ్మ పెద్దగా, అక్షరం చిన్నగా ఉంటుంది. పిల్ల బొమ్మని చూసి ‘ప’ అంటుంది, మనం అక్షరం వచ్చేసిందనుకుంటాం.

పరిచయం చేయడానికి మూడు అంచెల పద్ధతి ఒకటుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఎడ్వార్డ్ సెగాన్ అనే ఫ్రెంచి వైద్యుడు వాడినదాన్ని ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి తన బడుల్లోకి తీసుకుంది. చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది, కానీ ఇంతకంటే బాగా పనిచేసేది నేను చూడలేదు. రెండు అట్టముక్కలు తీసుకోండి. ఒకటి ‘ప’, ఇంకోటి ఆకారంలోనూ శబ్దంలోనూ దూరంగా ఉండే ‘జ’ అనుకుందాం.

మొదటి అంచెలో చెప్పడమే, అడగడం లేదు. ‘ఇది ప. ఇది జ.’ రెండు మూడు సార్లు, నెమ్మదిగా.

రెండో అంచెలో చూపించమనాలి. ‘ప ఏది? ప మీద చెయ్యి పెట్టు. జ ముక్కని నా ఒళ్లో పెట్టు. ప ముక్కని దిండు కింద దాచెయ్. ఇప్పుడు ప ముక్కని తీసి తలమీద పెట్టుకో.’ అసలు ఆటంతా ఇక్కడే ఉంది, కాబట్టి ఎక్కువసేపు గడపాల్సిందీ ఇక్కడే. పిల్ల నోటితో ఏమీ చెప్పక్కర్లేదు కనుక బెరుకు ఉండదు. తప్పు అట్టముక్క తీస్తే ‘కాదు’ అనకండి. ‘అది జ. ప ఇదిగో’ అని చెప్పి ముందుకెళ్లిపోండి.

మూడో అంచెలో అట్టముక్క చూపించి ‘ఇదేంటి?’ అని అడగాలి. జవాబు రాకపోతే రెండో అంచెకి తిరిగి వెళ్లడమే. చాలామంది తల్లిదండ్రులు మొదటి అంచె నుంచి నేరుగా మూడోదానికి గెంతేస్తారు. ‘ఇప్పుడే కదా చెప్పాను, మర్చిపోయావా?’ అన్న మాట పుట్టేది అక్కడే.

గుర్తుపట్టడం మొదలయ్యాక అక్షరం వేట పెట్టండి. పాత దినపత్రిక ఒక పేజీ, ఒక రంగు పెన్సిల్ ఇచ్చి పెద్ద అక్షరాల హెడ్డింగుల్లో ‘ప’ ఎక్కడుందో సున్నా చుట్టమనండి. అచ్చులో అక్షరం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, లావుగా, సన్నగా, వంకరగా. ఇన్ని రకాలుగా కనిపించినా అది ‘ప’నే అని తెలుసుకోవడం ఈ ఆటలో దొరికే అసలు లాభం. ‘పా’కో ‘పు’కో సున్నా చుడితే మెచ్చుకోండి. ‘ఇది కూడా ప వాళ్లింట్లోదే, దీని సంగతి తర్వాత చూద్దాం’ అంటే చాలు.

మూడో మెట్టు: ఒళ్లు, వేళ్లు

నేల మీద సుద్దతోనో తాడుతోనో పిల్ల నడవగలిగేంత పెద్ద ‘ప’ వేయండి. దాని మీద నడవమనండి, బొమ్మకారు తోలమనండి, ఒంటికాలితో గెంతమనండి. ఎక్కడ మొదలుపెట్టాలో అక్కడ ఒక రంగు చుక్క పెట్టండి. ముందు ఒళ్లంతా తిరిగి రావాలి, ఆఖరున తలకట్టు మీదికి గెంతాలి. నడకలో అలవాటైన దారినే రేపు చెయ్యి కూడా పడుతుంది. అందుకే ఏ ఆటలోనైనా మొదలుపెట్టే చోటు, తిరిగే దిక్కు మార్చకండి. బళ్లో నేర్పే తీరు తెలిస్తే మీరూ దాన్నే పాటించండి.

తర్వాత వేళ్లు. మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలో మొదలుపెట్టిన పిల్లల బడిలో గరుకు కాగితంతో చేసిన అక్షరాలుండేవి. పిల్లలు వాటిని వేలితో తడుముతూ శబ్దం పలికేవాళ్లు. కన్ను, చెవి, స్పర్శ ఒకేసారి పనిచేస్తాయి. ఇంట్లో చేసుకోవడం తేలికే. శాండ్ పేపర్ మీద ‘ప’ని వెనక నుంచి తిరగేసి గీసి కత్తిరించండి, నున్నటి అట్ట మీద జిగురుతో అంటించండి. శాండ్ పేపర్ లేకపోతే అట్ట మీద జిగురుతో అక్షరం రాసి, పైన సన్నటి ఇసుక చల్లి ఆరబెట్టండి. చూపుడువేలు, నడిమివేలు రెండూ కలిపి మెల్లగా తడమాలి, తడుముతున్నంతసేపూ ‘ప’ అంటుండాలి. కళ్లు మూసుకుని తడమడం పిల్లలకి మరీ ఇష్టం.

ఇంకొన్ని వేళ్ల ఆటలు, మీకు నచ్చినవి ఎంచుకోండి:

- వెడల్పాటి పళ్లెంలో సన్నటి ఇసుక పరిచి వేలితో రాయడం. పళ్లెం ఒక్కసారి ఊపితే అక్షరం మాయం. తప్పు పోయినా ఆనవాలు మిగలదు కాబట్టి భయం ఉండదు.
- బంకమట్టిని పొడుగ్గా తాడులా చేసి ‘ప’ ఆకారంలో వంచడం. తలకట్టుకి వేరే చిన్నముక్క. పెన్సిల్ పట్టుకోవడానికి వేళ్లకి కావాల్సిన బలం ఇక్కడే వస్తుంది.
- నీళ్లలో ముంచిన బ్రష్‌తో గోడ మీదో గచ్చు మీదో పెద్దగా రాయడం. ఆరిపోయేలోపు ఇంకోటి రాయాలి.
- వీపు మీద వేలితో రాస్తే ఏ అక్షరమో చెప్పడం. తర్వాత మీ వీపు మీద తను రాస్తుంది. మీరు కాసేపు ఆలోచిస్తున్నట్టు ఉండండి.

బంకమట్టి ఆటలో పిల్ల తలకట్టు పెట్టడం మర్చిపోవడం మామూలే. అప్పుడు మీరే పెట్టేయకుండా, రెండూ పక్కపక్కన ఉంచి ‘దీనికున్నదేంటి, దానికి లేనిదేంటి?’ అని అడిగి ఆగండి. తనకై తాను చూసి పెట్టిన తలకట్టు ఇక మర్చిపోదు.

పెన్సిల్ ఎప్పుడు?

ఇసుకలో నమూనా చూడకుండా ‘ప’ రాయగలిగినప్పుడు. ముందు పలక, సుద్ద లేదా లావుపాటి క్రేయాన్ ఇవ్వండి. క్రేయాన్‌ని చిన్నముక్కగా విరిచి ఇస్తే పిడికిలితో పట్టుకోవడం కుదరదు, వేళ్లు వాటంతట అవే సరైన చోటికి వస్తాయి. గోడకి అంటించిన పెద్ద కాగితం మీద నిలబడి రాయిస్తే భుజం, మణికట్టు బలపడతాయి. గీతల నోట్‌బుక్ ఇంకా చాలా తర్వాత.

చుక్కలు కలిపి రాసే పుస్తకాలు మొదట్లో రెండు మూడు రోజులు దారి తెలియడానికి పనికొస్తాయి. అంతకుమించి వాటి మీద ఆధారపడొద్దు. చుక్కల వెంట వెళ్లే పిల్ల అక్షరాన్ని చూడదు, తర్వాతి చుక్కని చూస్తుంది. అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీకి చెందిన కరిన్ జేమ్స్, లారా ఎంగెల్‌హార్ట్ 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంకా చదవడం రాని ఐదేళ్ల పిల్లలతో కొన్ని అక్షరాలు స్వయంగా రాయించారు, కొన్ని గీతల మీద దిద్దించారు, కొన్ని కీబోర్డు మీద నొక్కించారు. తర్వాత ఆ అక్షరాలు చూపిస్తూ మెదడుని స్కాన్ చేస్తే, చదివేటప్పుడు పనిచేసే భాగాలు బాగా స్పందించింది స్వయంగా రాసిన అక్షరాలకే. వంకరగా వచ్చినా సరే, తన చేతితో తను రాసిన ‘ప’కే విలువెక్కువ.

పేజీ నిండా ఒకే అక్షరం రాయించడం మాత్రం దయచేసి వద్దు. పదోసారికి చెయ్యి తిరుగుతుంటుంది, మనసు ఎక్కడో ఉంటుంది. మూడుసార్లు రాయించి, ‘ఈ మూడింట్లో నీకు బాగా నచ్చింది ఏది?’ అని అడగండి. తన రాతని తనే పరిశీలించుకోవడం అలవాటవుతుంది.

తలకట్టు తీసే ఆట

‘ప’ బాగా వచ్చాక ఆడే ఈ ఆట నాకు చాలా ఇష్టం. దళసరి కాగితంతో తలకట్టు లేని ‘ప’ ఒళ్లు ఒకటి కత్తిరించండి. తలకట్టు, దీర్ఘం, గుడి విడివిడిగా వేరే రంగులో కత్తిరించండి. ఒళ్లు నేల మీద పెట్టి తలకట్టు పెట్టండి. ‘ప.’ తలకట్టు తీసి దీర్ఘం పెట్టండి. ‘పా.’ దాన్నీ తీసి గుడి పెట్టండి. ‘పి.’ పిల్ల కళ్ల ముందే టోపీ మారుతుంది, శబ్దం మారుతుంది. చేత్తో తనే మార్చి చూసుకుంటే గుణింతం బట్టీ పట్టాల్సిన పట్టికలా అనిపించదు. కొమ్ము దగ్గర ఒక్క జాగ్రత్త: ‘పు’లో తలకట్టు ఉండగానే పక్కన కొమ్ము వస్తుంది. ఆ తేడాని పిల్లే కనిపెడుతుందేమో ఒకసారి ఎదురుచూడండి. ఇంతకాలం ఆగిన పిల్లి, పువ్వు, పాము ఇప్పుడు దర్జాగా వస్తాయి.

మర్చిపోకుండా ఉండాలంటే

ఒకేరోజు గంటసేపు చెప్పడం కంటే కొంచెం కొంచెంగా ఎడం ఇచ్చి గుర్తుచేయడం మేలని జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే చూపించాడు. ఈరోజు నేర్చుకున్నది రేపు ఒకసారి, రెండు రోజులాగి ఒకసారి, వారానికి ఇంకోసారి. ప్రతిసారీ పాఠంలా కూర్చోబెట్టక్కర్లేదు. దారిలో బోర్డు మీద ‘ప’ కనిపిస్తే వేలు చూపించండి, పడుకునే ముందు వీపు మీద రాయండి, అంతే.

ఎదురయ్యే ఇబ్బందులు

అక్షరాన్ని అద్దంలో కనిపించినట్టు తిరగేసి రాయడం చూసి కంగారుపడతారు. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల్లో ఇది మామూలు విషయం. కుర్చీని ఎటు తిప్పినా కుర్చీయే అని నేర్చుకున్న మెదడుకి, అక్షరం దగ్గర మాత్రం కుడి ఎడమలు ముఖ్యమని తెలియడానికి సమయం పడుతుంది. మొదలుపెట్టే చోట చుక్క పెడుతూ ఉండండి. ఏడెనిమిదేళ్లు దాటినా తగ్గకపోతే, దాంతోపాటు చదవడంలోనూ ఇబ్బంది ఉంటే అప్పుడు నిపుణుల్ని కలవండి.

ఒకేలా ఉండే అక్షరాల తికమక ఇంకోటి. ‘ప’కి చిన్న గీత చేరితే ‘ష’, కింద గీత చేరితే ‘ఫ’, తలకట్టు కలిసిపోతే ‘వ’. వీటిని ‘ప’ వారంలో దగ్గరికి రానివ్వకండి. ‘ప’ గట్టిపడ్డాక, కొన్ని వారాలకి ‘వ’ నేర్పి, అప్పుడు రెండూ కలిపి ఇరవై అట్టముక్కలు ఇచ్చి రెండు డబ్బాల్లోకి వేరు చేయమనండి. తేడా ఎక్కడుందో వేలితో చూపించమనడం మర్చిపోవద్దు.

ఎడమ చేత్తో రాసే పిల్లని ఎడమ చేత్తోనే రాయనివ్వండి. ఫోన్‌లో అక్షరాల యాప్‌లు గుర్తుపట్టడానికి కొంత సాయం చేస్తాయి కానీ నున్నటి తెర మీద వేలు జారడానికీ ఇసుకలో వేలు తిరగడానికీ చాలా తేడా ఉంది. అసలు ఆసక్తే చూపించకపోతే రెండు వారాలు ఆపేయండి, ఈలోపు కథలు చదివి వినిపించండి. శబ్దాల ఆటలో ఎంతకీ తేడా పట్టుకోలేకపోతుంటే మాత్రం ఒకసారి చెవులు పరీక్ష చేయించడం మంచిది.

తర్వాతి అక్షరం

ఏ రంగులో, ఏ సైజులో ఉన్నా ‘ప’ని గుర్తుపట్టి, రెండు రోజుల ఎడం తర్వాత కూడా ఎవరూ అందించకుండా చెప్పగలిగితే ముందుకెళ్లొచ్చు. అయితే వర్ణమాల వరుసలో ‘ఫ’కి వెళ్లకండి. ‘ల’ నేర్పండి, తర్వాత ‘క’. ఆకారాల్లో పోలిక లేదు, పైగా ఈ మూడింటితోనే మాటలు వస్తాయి. అట్టముక్కలు పక్కపక్కన పేర్చి చదవమనండి: కల, పలక, కలప. గుణింతాలు రాకుండానే, ఒత్తులు రాకుండానే పిల్ల తనంతట తను మాటలు చదివేస్తుంది. ‘డ’ చేర్చితే పడక, ‘గ’ కూడా వస్తే గడప. ‘వ’ వచ్చిన రోజున, మొదటిరోజు గెంతుడు ఆటలో విన్న పడవని ఈసారి చదివించండి.